దోసెడు లెక్క

ఆ ఇంట్లో దాణా గది తాళంచెవి చేతికొచ్చిందంటే సగం పెత్తనం వచ్చినట్టే. మిగతా సగం అత్తగారు ఎవరికీ ఇవ్వదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు. ఇల్లంటే ఉత్త ఇల్లు కాదు. వంటింటి తలుపు తీస్తే ఎదురుగా ఇసుక పరిచిన స్వారీ మైదానం, దాని పక్కన వరుసగా గుర్రాల గదులు, ఆ తర్వాత దాణా గది, అన్నిటికీ చివర జీన్లు వేలాడదీసిన గది. ఊళ్ళో స్వారీ వచ్చినవాళ్ళలో చాలామంది ఆ ఇసుకలో పడి లేచినవాళ్ళే. వాళ్ళంతా అత్తగారిని ఎదురుగా టీచరని, వెనకాల కమాండరని అంటారు. ఆ రెండో పేరు ఆవిడకీ తెలుసు. తెలియనట్టు నటించడం ఆవిడకో సరదా.

అలాంటి మనిషికి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేయించుకుని, కుడికాలు స్టూలు మీద చాపుకుని, మైదానం కనబడే కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంది. పాఠాలన్నీ ఆ కిటికీలోంచే. మడమ దించు, గడ్డం ఎత్తు, పగ్గాలు అలా లాగితే దాని నోరేం కావాలి, అంటూ వీధి చివరిదాకా వినిపించేది గొంతు. కిటికీలోంచి పాఠం చెప్పొచ్చు గానీ దాణా పెట్టలేం కదా. అలా తాళంచెవి కోడలి చేతికి వచ్చింది.

కోడలు మందుల షాపు మనిషి. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కూడా చాలాకాలం, ఆసుపత్రి ఎదురుగా ఉన్న షాపులో పనిచేసింది. డాక్టరు రాసింది రాసినట్టు ఇవ్వాలి, సొంత తెలివి చూపించకూడదు అన్నది ఆమె ఒంట్లో ఇంకిపోయిన పాఠం. మనిషి చిన్నది, చేతులు మరీ చిన్నవి. సన్నమూతి సీసాలోంచి దూది లాగాలంటే షాపులో అందరూ ఆమెనే పిలిచేవాళ్ళు.

తాళంచెవి ఇచ్చిన రోజున అత్తగారు ఒక్కో గుర్రం సంగతీ అప్పజెప్పింది. కుర్ర గుర్రాలకు పెద్దగా చెప్పేదేం లేదు. పగలంతా పచ్చిక మీద తిరిగొస్తాయి, కాసిని ఓట్స్ గింజలు పడేస్తే చాలు. ముసలి గుర్రం మబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది.

"దానికి వయసైంది. గట్టి గడ్డి కొరకలేక పచ్చికలో కూడా సగం వదిలేస్తుంది. ఎండుగడ్డి ఒక్కటే పెడితే ఒంటికి పట్టదు. పొద్దున రెండు దోసిళ్ళు నూనె తీసిన సోయా చెక్క పొడి, సాయంత్రం రెండు. ఓట్స్‌లో కలిపి, కాసిని నీళ్ళు చిలకరించి పెట్టు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. వింటున్నావా?"

"వింటున్నా అత్తయ్యా. రెండు, రెండు."

ఇక అక్షరం పొల్లుపోలేదు. జ్వరం వచ్చిన రోజున కూడా తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్ళి, సోయా పీపాలో చేతులు ముంచి, దోసిలి పైన గుట్టగా నిలిచినదాన్ని అలాగే బకెట్లో ఒంపి వచ్చింది. భర్త నేను పెడతానన్నా ఒప్పుకోలేదు. మందు ఒక చేతి మీదుగా నడవడమే మంచిదని ఆమె నమ్మకం.

మబ్బు బూడిదరంగు ఆడగుర్రం. చెవి పక్కన డబ్బాలు దొర్లినా నిమ్మకు నీరెత్తినట్టు నిలబడుతుంది. ఎముకల డాక్టరు అత్తగారికి ఒక మాట చెప్పాడు: మోకాలు కుదురుకున్నాక, ఉలిక్కిపడని గుర్రమైతే, నడక వరకూ ఎక్కొచ్చు. పరుగులూ దూకుళ్ళూ మర్చిపోవాలి. ఉలిక్కిపడని గుర్రం ఆ ఆవరణలో ఒక్కటే ఉంది. అందుకే సాయంత్రం దాణా వేళకు కిటికీలోంచి ఒకే ప్రశ్న వచ్చేది.

"మబ్బు తిన్నదా?"

"తిన్నది అత్తయ్యా."

"అది బాగుంటేనే నేను మళ్ళీ ఎక్కేది. అది లేకపోతే నాకీ కుర్చీయే గతి."

అంత పెద్దావిడ అంత మాట అంటుంటే కోడలు కడిగిన బకెట్టునే మళ్ళీ కడిగేది. మబ్బుని బాగా చూసుకోవాలి, అత్తయ్యని మళ్ళీ గుర్రం మీద చూడాలి. ఆమెకు వేరే కోరికేం లేదు ఆ రోజుల్లో.

ఆ ఏడు కోత వేళకు వానలు పట్టుకున్నాయి. గడ్డి ముదిరాక కోశారు. చూడ్డానికి గడ్డిమోపులు దండిగానే ఉన్నాయి గానీ, చేతిలోకి తీసుకుంటే పుల్లలే. మబ్బు నమిలి నమిలి తినేది, పొట్ట కూడా నిండుగానే కనబడేది. వీపు మాత్రం జారిపోయింది. ముందు కోడలికి తెలియలేదు. ఒకరోజు బ్రష్షు చేస్తుంటే వెన్నెముక ఇటూ అటూ చేతికి గుంటలు తగిలాయి. జీను పెట్టి చూస్తే ఎప్పుడూ వెనక్కి కుదురుగా కూర్చునేది మూపు మీదికి వాలి, ఎముకకు ఆనుకుంది. ఆమె జీను దించి ఫోను అందుకుంది.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆవిడా చిన్నప్పుడు ఆ ఇసుకలో పడ్డ మనిషే, ఇప్పటికీ అత్తగారిని టీచరనే పిలుస్తుంది. మబ్బుని సరిగ్గా ఆ కిటికీ కిందే నిలబెట్టి, పళ్ళు చూసి, పేడ చూసి, వీపంతా వేళ్ళతో తడిమింది.

"కొవ్వు తగ్గలేదు టీచర్, కండ తగ్గింది. ప్రొటీను చాలడం లేదు. గడ్డి చూశాను, ముదురుగడ్డి, అందులో ఏమీ లేదు. సోయా ఎంత పెడుతున్నారు?"

"నాలుగు దోసిళ్ళు, రోజుకి" అంది కోడలు.

డాక్టరమ్మ బుర్ర గోక్కుంది. "నాలుగా? గడ్డి ఎంత చెత్తదైనా, దీనికి నాలుగు దోసిళ్ళు సరిపోవాలే! పళ్ళు అరిగినా నమలగలుగుతోంది. మరి ఎక్కడికి పోతోంది తిన్నది?" కాసేపు ఆలోచించి, "రక్తం తీసుకెళ్తాను. ఈలోగా జీను వెయ్యొద్దు. చేత్తో పట్టుకుని ఎత్తుపల్లాల్లో నడిపించండి. ఈ వీపు నిండితే సరే. నిండకపోతే ఇక దీని మీద ఎవరూ కూర్చోకూడదు" అంది.

 కిటికీలోంచి అత్తగారి గొంతు, అలవాటు లేనంత మెల్లగా వచ్చింది.

"పెట్టే చెయ్యైతే ఒంటికి పట్టేది."

డాక్టరమ్మ సూది సర్దుకోవడంలో మునిగిపోయింది. కోడలి భర్తకు ఉన్నట్టుండి చెప్పులోని ఇసుక గుర్తొచ్చింది. కోడలు మబ్బుని తీసుకెళ్ళి గదిలో కట్టి, దాణా గదిలోకి వెళ్ళి, ఓట్స్ మూట మీద కూర్చుని ఏడ్చింది. పిసినారివన్నా పడేది, చేతకానిదానివన్నా పడేది. నువ్వు పెడితే నోరులేని జీవానికి కూడా ఒంటికి పట్టదు అనిపించుకున్నాక ఇంకేముంది? కడుపు మండిపోయింది. ఆ మంటలో, బతుకులో మొదటిసారి, రాసినదానికంటే ఎక్కువ ఇచ్చింది. ఆ సాయంత్రం రెండు దోసిళ్ళు వేసి, అటూ ఇటూ చూసి, ఇంకో రెండు వేసింది.

ఆమె ఒక్కతే అయితే కథ వేరేలా ఉండేది. ఆ ఇంట్లో మగవాళ్ళు మంచివాళ్ళు, అదే వచ్చిన చిక్కు. భార్య కళ్ళు ఎర్రగా ఉండటం చూసి భర్తకు ప్రాణం ఉసూరుమంది. అమ్మతో మాట్లాడే దమ్ము లేదు కాబట్టి, గుర్రం తొందరగా బాగుపడితే గొడవే ఉండదని లెక్క వేశాడు. పొద్దున్నే భార్య దాణా పెట్టి వెళ్ళాక, వెనకాలే వెళ్ళి నిండు చెంబెడు సోయా చెక్క ఒంపేవాడు. మామగారి లెక్క ఇంకొకటి. ఆయన లూసర్న్ గడ్డి పక్షం. చిక్కుడు, బఠాణీ జాతి మొక్క, దాని ముందు సోయా ఎంత అంటాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక కాస్త అలా నడిచొస్తానని చెప్పి, చంకలో లూసర్న్ కట్టతో మబ్బు గదికి నడిచేవాడు. ఎవరికి వారు గుట్టుగా, ఎవరికి వారు పుణ్యం చేస్తున్నామనుకుంటూ, ముగ్గురూ కలిసి ఆ గుర్రానికి మాంసకృత్తుల పెళ్ళిభోజనం పెట్టారు.

మబ్బు వద్దంటుందా? పెట్టిందల్లా తిన్నది. తిన్నాక నీళ్ళు తాగింది. తాగిన బకెట్టు నింపేలోపు మళ్ళీ తాగింది. కింద పరిచిన రంపపుపొట్టు పొద్దున మారిస్తే మధ్యాహ్నానికి తడిసి ముద్దయ్యేది. గది తలుపు తీస్తే ఘాటు ముక్కులోకి గుచ్చుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. చేత్తో నడిపిస్తేనే చెమటలు పట్టేవి. వీపు మాత్రం అలాగే ఉంది. పాఠానికి వచ్చిన వాళ్ళు ముక్కు మూసుకుని అటునుంచి పోవడం కిటికీలోంచి అత్తగారు చూసింది. ఇక ఆవిడ వల్ల కాలేదు.

మామూలుగా కోపమొస్తే ఒంటికాలి మీద లేచింది అంటాం. ఆవిడ నిజంగానే ఒంటికాలి మీద లేచింది. కర్ర పుచ్చుకుని, రెండో కాలు ఈడ్చుకుంటూ, ఆపరేషన్ తర్వాత మొట్టమొదటిసారి మైదానం దాటి గుర్రపుశాలకు వచ్చింది. మబ్బు గది ముందు నిలబడి గాలి పీల్చి, దగ్గి, కళ్ళు తుడుచుకుంది.

"డాక్టరమ్మకి ఫోను చెయ్యండి. అందరూ ఇక్కడికి రండి. దీనికి ఎవరెవరు ఏమేం పెడుతున్నారో నాకిప్పుడు తెలియాలి."

 డాక్టరమ్మ వచ్చి గదిలోకి ఒక్కసారి తొంగిచూసి, "రక్తంలో జబ్బేమీ లేదు, చెబుదామనుకుంటున్నా. కానీ ఇదేంటి టీచర్, మొన్న చాలలేదు, ఇవాళ పొంగిపొర్లుతోంది" అంది.

ముందు మామగారు ఒప్పుకున్నాడు. "నేనేదో కాస్త లూసర్న్..."

"ఎంత కాస్త?"

ఆయన చంక చూపించాడు. తర్వాత కొడుకు తేలుకుట్టిన దొంగలా నిలబడి చెంబు సంగతి చెప్పాడు. చివరికి కోడలు, తల దించుకుని, "నేను కూడా రెండుకి రెండు కలిపాను అత్తయ్యా" అంది. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. డాక్టరమ్మకి నవ్వాగలేదు.

"ప్రొటీను దాచుకునేది కాదండీ. ఒళ్ళు వాడుకున్నంత వాడుకుంటుంది, మిగిలింది ఇలా మూత్రంలో పోతుంది, ఆ కంపే ఇది. పోనీ ఎంత పెట్టినా కండ వస్తుందా అంటే రాదు. ప్రొటీనులో ఉండే ముక్కలు అన్ని రకాలూ సమంగా ఉండాలి. సైకిళ్ళు బిగించే కొట్టు అనుకోండి. చక్రాలు గుట్టలుగా పడున్నా, హ్యాండిళ్ళు కొన్నే ఉంటే ఆ కొన్ని సైకిళ్ళే తయారవుతాయి. ఈ ముదురుగడ్డిలో లేని హ్యాండిళ్ళు సోయాలో ఉన్నాయి, కాబట్టి సోయా కావాలి. కావలసినంతే కావాలి. పెట్టి పనిచేయించాలి, కండకి టైమివ్వాలి. పదిమంది పుణ్యం కట్టుకుంటే రాదు."

"అదంతా సరే" అంది అత్తగారు. "మొదట్లో నాలుగు దోసిళ్ళే కదా పెట్టింది? నేనూ ఏళ్ళ తరబడి నాలుగే పెట్టాను. అప్పుడు బాగున్న వీపు ఈవిడ చేతికి రాగానే ఎందుకు జారింది?"

మాట మళ్ళీ అక్కడికే వచ్చింది.  ఈసారి మాత్రం కోడలు తల ఎత్తింది.

"రండి అత్తయ్యా. నేను ఎలా పెట్టానో చూపిస్తాను. తక్కువ పెట్టానని తేలితే తాళంచెవి ఇప్పుడే మీ చేతిలో పెడతాను."

దాణా గదిలోకి అందరూ నడిచారు. కోడలు పీపా మూత తీసి, చేతులు రెండూ లోపలికి ముంచి, దోసిలి ఎత్తింది. గుట్టగా, ఒక్క పలుకు తక్కువ కాకుండా నింపి, ఖాళీ బకెట్లో ఒంపింది. రెండోది కూడా అలాగే. ఒంపి, అత్తగారి వైపు చూసింది.

అత్తగారు బకెట్లోకి చూసింది. అందులో అడుగు కూడా సరిగా నిండలేదు. కోడలి చేతులు చూసింది. మళ్ళీ బకెట్టు చూసింది. తర్వాత కర్ర గోడకు ఆనించి, కొడుకు భుజం ఆసరాగా పట్టుకుని వంగి, ఇంకో బకెట్టు దగ్గరికి లాక్కుంది. భుజం వదిలి రెండు చేతులూ పీపాలో పెట్టింది. పగ్గాలు పట్టీ పట్టీ చాటల్లా విచ్చుకున్న అరచేతులు అవి. ఆవిడ దోసిలి ఎత్తితే పీపాలో గొయ్యి పడింది. రెండు దోసిళ్ళు ఒంపింది.

పక్కపక్కన రెండు బకెట్లు.  మామగారు మెల్లగా వెళ్ళి వంటింటి తూకం మిషను పట్టుకొచ్చాడు. అవసరం లేదు గానీ తూచారు. కోడలి రెండు దోసిళ్ళూ అత్తగారి ఒక్క దోసెడుకి కాస్త ఎక్కువ, అంతే.

"నాదీ బుద్ధి తక్కువే" అంది డాక్టరమ్మ. "దోసెడనగానే నా మనసులో టీచర్ దోసిలే మెదిలింది. చిన్నప్పుడు నా చేతులు రెండూ అందులో మునిగిపోయేవి. ఇంకెవరి చేతులైనా ఉంటాయని తట్టలేదు."

కోడలికి తన మీద తనకే ఒళ్ళు మండింది. మందుల షాపులో మిల్లీగ్రాము తేడా రానివ్వని మనిషి. ఇక్కడ లెక్క ఇంత చక్కగా పాటించి, కొలతేమిటో ఒక్కసారి అడగలేదు. దోసెడంటే దోసెడే కదా అనుకుంది.

అత్తగారికి కూడా కోపమే వచ్చింది. ఆవిడకి బాధైనా, సిగ్గైనా ముందు కోపంగానే బయటికొస్తుంది.

"నీకు నోరు లేదా? నా చేతులు చిన్నవి, మీ దోసెడు నాకు రాదు అని చెప్పొద్దూ?"

"మీరు దోసెడన్నారు. నేను దోసెడే పెట్టాను అత్తయ్యా. ఒక్కపూట కూడా తగ్గించలేదు."

"అది కనబడుతూనే ఉంది" అంది అత్తగారు. ఇంకేదో అనబోయి, ఆగి, పీపాలోకి చూస్తూ నిలబడింది.  మామగారు గొంతు సవరించుకుంటే, "మీరు ఊరుకోండి" అంది.

గోడమీది అలమరలో పాత రంగు డబ్బా ఒకటుంటే దించమంది. కడిగి తుడిచాక, డాక్టరమ్మ చెప్పినంత సోయా చెక్క తూచి అందులో పోయించింది. ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ తనే మేకుతో గీత గీసింది. చెత్తగడ్డికి తోడుగా లూసర్న్ కొద్దిగా, అదీ తూచి. మామగారి చంకకి సెలవిచ్చారు. తాళంచెవి సంగతి ఎవరూ ఎత్తలేదు. అది కోడలి కొంగుకే ఉండిపోయింది.

కండ పెరగడం గోరు పెరిగినట్టే, కూర్చుని చూస్తే ఏమీ కనబడదు. కోడలు పొద్దునా సాయంత్రం గీతదాకా కొలిచి పెట్టింది, మబ్బుని కళ్లెంతో పట్టుకుని గుట్టలెక్కించింది, దించింది. గదిలో ఘాటు పోయింది. నీళ్ళ బకెట్టు మామూలుగా ఖాళీ అయింది. అత్తగారు కర్ర మీద వచ్చి గది ముందు నిలబడి చూసి వెళ్ళేది. పచ్చికలో కొత్త చివుళ్ళు వచ్చేసరికి, బ్రష్షు చేస్తున్న కోడలి చేతికి గుంటలు తగలడం మానేశాయి. ముందు నమ్మలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది. తర్వాత గుర్రం మెడ కావిలించుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. అంత సంతోషం ఆమెకు ఆ ఇంటికొచ్చాక ఎప్పుడూ కలగలేదు.

డాక్టరమ్మ వచ్చి వేళ్ళతో నొక్కి చూసి జీనుకు ఒప్పుకుంది. "ఒక్కటే షరతు. రికాబులో కాలు పెట్టి వేలాడుతూ ఎక్కొద్దు. జీను పక్కకి లాగితే ఆ వీపు మళ్ళీ నొప్పెడుతుంది. దిమ్మ మీంచి ఎక్కండి, కింద నుంచి ఎవరైనా కాలు పట్టి లేపాలి."

మైదానం మధ్య చెక్క దిమ్మ పెట్టారు. అత్తగారు పాత బూట్లు వేసుకుని, కర్ర మామగారికి ఇచ్చి, మెల్లగా దిమ్మ ఎక్కింది. మబ్బు పక్కన కదలకుండా నిలబడింది. కుడి మోకాలు ఇంకా ఒంటిని పైకి తొయ్యలేదు, అందుకే ఎడమకాలిని ఎవరో పట్టి లేపాలి. కొడుకు చేతులు దులుపుకుంటూ ముందుకొచ్చాడు.

"నువ్వు తప్పుకో" అంది అత్తగారు. "అమ్మాయ్, ఇలా రా. దోసిలి పట్టు."

కోడలు వచ్చింది గానీ తటపటాయించింది. "నా చేతులు చిన్నవి అత్తయ్యా."

"తెలుసు. తూచాం కదా. పట్టు."

కోడలు వంగి, వేళ్ళలో వేళ్ళు గట్టిగా బిగించి దోసిలి పట్టింది. ఇసుక అంటిన బూటు అందులో ఆనింది. అంత మనిషి బరువూ ఒక్కసారి చేతుల మీదికి వచ్చేసరికి మోచేతులు వణికాయి, నడుం కలుక్కుమంది. ఆమె పళ్ళు బిగబట్టి పైకి లేపింది. జీను కిర్రుమంది. మబ్బు చెవులొకసారి వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకు పెట్టింది. వీపు వంచలేదు, కదల్లేదు.

 అత్తగారు పైన కూర్చుని జూలు సవరించింది. పగ్గాలు వేళ్ళ మధ్యకు తీసుకుంది. కిందికి చూడకుండానే అడిగింది.

"సాయంత్రం దీనికి దాణా?"

"డబ్బాతోనే అత్తయ్యా. గీతదాకా."

"డబ్బాతో కొలువు" అంది అత్తగారు. "పెట్టేది మాత్రం నీ చేత్తోనే పెట్టు."